మోర్మన్ యువ ప్రచారకుని వారం రోజులు

దేవసూగూరు దగ్గర కృష్ణానది వంతెన దాటే బస్సులో కూర్చున్నవారికి కన్నడ బోర్డులు వెనుకబడి తెలుగు బోర్డులు ఎదురుకావడానికి కొద్ది నిమిషాలు చాలు. 1956 నవంబరు 1వ తేదీకి ముందు ఈ రెండు ఒడ్లూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలోనివి. హద్దు గీసిన తరువాత కూడా చదువుకు, ఉద్యోగానికి, వైద్యానికి ఈ పల్లెల బిడ్డలు హైదరాబాదుకో బెంగళూరుకో పోతూనే ఉన్నారు. అక్కడ గది తీసుకొని ఉండే పిల్లలకు ఏదో ఒకనాడు తారసపడగల ఇద్దరు యువకులను గురించి ఈ వ్యాసం. తెల్లని చొక్కా, మెడకు టై, జేబు మీద నల్లని పేరు పలక. నడిచినా, ఆటో ఎక్కినా, ఎవరి ఇంటికి వెళ్ళినా ఇద్దరూ కలిసే ఉంటారు. లోకం వీరిని మోర్మన్ ప్రచారకులు అంటుంది.

ఇంటింటికీ తిరిగే ధార్మికులు మనకు కొత్త కాదు. సూగూరేశ్వరస్వామి కొలువున్న ఈ ఊరి గడపల ముందు జంగమయ్యల గంట, ఫకీరు జోలె, ధనుర్మాసపు హరిదాసు చిడతలు తరతరాలుగా వినిపించినవే. క్రైస్తవ ప్రచారకులు కూడా ఈ ప్రాంతానికి వంద సంవత్సరాలకు పైగా పరిచితులే. పాలమూరులో అమెరికన్ బాప్తిస్టులు, వనపర్తి, గద్వాల వైపు మెన్నోనైట్ బ్రదరన్ వారు, రాయచూరులో మెథడిస్టులు బడులు, వైద్యశాలలు నడిపారు. అయితే మోర్మన్ ప్రచారకుడు వీరెవరివంటివాడూ కాడు. అతడు జీవితాంతం ప్రచారకుడుగా ఉండడు, వేదాంత కళాశాలలో చదవడు, జీతం తీసుకోడు. ఇంటర్మీడియెటో డిగ్రీయో చదువుతున్న కుర్రవాడు చదువు పక్కన పెట్టి రెండు సంవత్సరాలు ఈ పని చేసి, మళ్ళీ ఇంటికి వచ్చి తన చదువో ఉద్యోగమో చూసుకొంటాడు. అయ్యప్ప మాల వేసుకొని నలభై ఒక్క రోజుల దీక్ష చేసేవారిని మనం చూస్తూనే ఉన్నాము. ఆ దీక్షను ఇల్లు, ఊరు, మిత్రులు అందరినీ విడిచి ఇరవై నాలుగు నెలలు సాగదీస్తే ఎట్లుంటుందో ఊహించుకొంటే విషయం కొంత బోధపడుతుంది.

ముందు ఆ సంఘమేమిటో చెప్పవలెను. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో 1830 ఏప్రిల్ 6న జోసెఫ్ స్మిత్ అనే యువకుడు దీనిని స్థాపించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై నాలుగు. దేవదూత చూపిన బంగారు రేకుల నుండి తాను అనువదించానని చెప్పిన మోర్మన్ గ్రంథాన్ని అదే సంవత్సరం ప్రకటించాడు. బైబిలుతో పాటు దానిని కూడా ఈ సంఘంవారు దైవవాక్యంగా స్వీకరిస్తారు. తక్కిన క్రైస్తవ సంఘాలు అనేకం వీరిని తమవారిగా అంగీకరించకపోవడానికి ఈ గ్రంథం ఒక కారణం, త్రిత్వాన్ని గురించి వీరి అభిప్రాయం వేరుగా ఉండడం మరొక కారణం. బహుభార్యత్వం పేరుతో ఈ సంఘానికి వచ్చిన అపకీర్తి నేటికీ పూర్తిగా పోలేదు. ఆ ఆచారాన్ని విడుస్తున్నట్లు సంఘం ప్రకటించినది 1890లో. కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. మోర్మన్ అన్న వాడుక పేరును మానుకోవలసిందని 2018 నుండి సంఘ పెద్దలు కోరుతున్నారు. తెలుగులో వారు వ్రాసుకొనే పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. మన పాఠకులకు పాత పేరే తెలుసు కనుక ఈ వ్యాసంలో దానినే వాడుతున్నాము.

తెలుగువారిలోకి ఈ మతం వచ్చిన తీరు విచిత్రమైనది. 1850 దశకంలో ఈ సంఘం బోధకులు కలకత్తాలోనూ మద్రాసులోనూ దిగి కొన్నాళ్ళు శ్రమించి, పెద్దగా ఫలితం లేక వెనుదిరిగారు. ఆ తరువాత శతాబ్దానికి పైబడి తెలుగునాట వీరి ఊసే లేదు. 1970 దశకంలో హైదరాబాదుకు చెందిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవులలో ఉండగా ఈ సంఘంలో చేరారు. తమ బంధువులకు కూడా బోధించవలసిందని సంఘాన్ని కోరగా, ఆ పని వారికే అప్పగించారు. 1978 డిసెంబరులో వారు హైదరాబాదుకు వచ్చినప్పుడు ఇరవై ఇద్దరు బాప్తిస్మం తీసుకొన్నారు. అందులో ఎక్కువమంది వారి చుట్టాలే. ఎల్సీ గారి తండ్రి బాప్తిస్టు బోధకుడు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పనికి పూనుకొన్నది ఆయనే. ఎంపిక చేసిన భాగాలు 1982లోనూ, సంపూర్ణ గ్రంథం 2000లోనూ తెలుగులో వచ్చాయి. బెంగళూరు కేంద్రంగా 1993లో ఒక ప్రచార మండలం ఏర్పడింది. అనేక స్థానిక సంఘాలను కలిపి స్టేక్ అనే పెద్ద విభాగంగా గుర్తించడం వీరి పద్ధతి. భారతదేశంలో మొట్టమొదటి స్టేక్ 2012 మే నెలలో హైదరాబాదులోనే ఏర్పడింది. దేశంలో మొదటి దేవాలయం కట్టే అవకాశం మాత్రం బెంగళూరుకు దక్కింది. 2018లో దానిని ప్రకటించి, 2020 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. చుట్టరికపు దారిన వచ్చిన మతం కనుక, నేటికీ ఈ ప్రచారకులకు ఇక్కడ బాట వేసేది తెలిసినవారి పరిచయమే గాని తలుపు కొట్టడం కాదు.

ప్రచారకుడు కాగోరే కుర్రవాడు ముందుగా తన సంఘ పెద్దల ఎదుట నడవడిని గురించిన ప్రశ్నలకు సమాధానం చెప్పాలి, వైద్య పరీక్ష చేయించుకోవాలి. ఎక్కడికి వెళ్ళాలన్నది అతని ఇష్టం కాదు. సాల్ట్ లేక్ సిటీ నుండి పిలుపు వస్తుంది, అందులో ఉన్న చోటికి వెళ్ళడమే. తెలుగు కుర్రవానికి బెంగళూరు పడవచ్చు, ఢిల్లీ పడవచ్చు, ఎన్నడూ వినని దేశం పడవచ్చు. యువకులకు కనీస వయస్సును 2012లో పందొమ్మిది నుండి పద్దెనిమిదికి తగ్గించారు. యువతులకు అప్పుడే ఇరవై ఒకటి నుండి పందొమ్మిదికి, 2025 నవంబరులో పద్దెనిమిదికి తగ్గించారు. యువతులు పద్దెనిమిది నెలలు సేవ చేస్తారు. వెళ్ళేముందు శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు గడుస్తాయి. అక్కడ అతని జేబు మీదికి పేరు పలక ఎక్కుతుంది. పలక మీద ఇంటిపేరుకు ముందు ఎల్డర్ అని ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్ద అని అర్థం. మూతి మీద మీసం సరిగా రాని పిల్లవానిని పెద్ద అని పిలవడం మనకు నవ్వు తెప్పించవచ్చు గాని, రెండు సంవత్సరాలు అతనికి మరొక పేరు లేదు. ఒకే గదిలో ఉండే జతగాడు కూడా ఆ పేరుతోనే పిలుస్తాడు.

ఇక వారం సంగతి. సాధారణంగా వీరి వారం సోమవారంతో మొదలవుతుంది. ఆనాటికి సన్నాహ దినమని పేరు. బట్టలు ఉతుక్కోవడం, గది ఊడ్చుకోవడం, కూరగాయలు, బియ్యం తెచ్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, వీలైతే కాసేపు ఆడుకోవడం అన్నీ ఆ పగలే. అమ్మ వండిపెడితే తిని కంచం అక్కడే వదిలి లేచిన కుర్రవాడు పప్పులో ఉప్పెంతో నేర్చుకొనేది ఇక్కడనే. అయితే సోమవారానికి అసలు విలువ ఇంటి ఫోను వలన వస్తుంది. 2019 ఫిబ్రవరికి ముందు ప్రచారకులు ఇంటికి ఫోను చేయడానికి సంవత్సరానికి రెండే సందర్భాలు ఉండేవి. ఒకటి క్రిస్మస్, రెండవది మాతృ దినోత్సవం. మిగిలిన వారాలలో ఉత్తరమో, తరువాతి కాలంలో ఈ-మెయిలో. అవ్వకు జబ్బు చేసినా, చెల్లెలి పెళ్ళి కుదిరినా కుర్రవానికి అక్షరాలలో తెలిసేది. ఇప్పుడు వారానికొకసారి మాట్లాడవచ్చు. ఈ మార్పును సంఘం ఎందుకు చేసిందో వివరించవలసిన పని తల్లులకు లేదు. గల్ఫుకు కొడుకును పంపి శుక్రవారం ఫోను కోసం ఎదురుచూసిన ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని లేవు!

సోమవారం సాయంత్రానికి మళ్ళీ టై బిగుస్తుంది. మంగళవారం నుండి దినచర్యలో పెద్ద మార్పు ఉండదు. ఉదయం ఆరున్నరకు నిద్ర లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, ఫలాహారం. తరువాత ఒక గంట ఒంటరిగా గ్రంథ పఠనం, మరికొంతసేపు జతగానితో కలిసి చదువు. పరాయి భాష నేర్చుకొనేవారికి ఆ పాఠం అదనం. బయటికి వెళ్ళి రాత్రి తొమ్మిది ప్రాంతానికి గది చేరాలి, మరునాటి పనులు వ్రాసుకోవాలి, పదిన్నరకు దీపం ఆర్పాలి. ఈ వేళలలో 2017 నుండి ఆయా దేశాల పద్ధతిని బట్టి కొంత సడలింపు ఇచ్చారు. సినిమా లేదు, టీవీ లేదు, ప్రేమ వ్యవహారం ఎంతమాత్రం లేదు. వారంలో ఒకనాడు ఆ చుట్టుపక్కల పనిచేసే జతలన్నీ కలిసి ఎవరికి ఏమి కుదిరింది, ఏది కుదరలేదు అని చెప్పుకొంటాయి. కొన్ని గంటలు ఊరికి పనికివచ్చే సేవ కూడా చేయాలి.

నియమాలన్నిటిలో కఠినమైనది జత నియమమని మా అభిప్రాయం. స్నానాల గది తప్ప మరెక్కడా జతగానిని విడిచి ఉండరాదు. ఆ జతగానిని తాను ఎంచుకోలేదు. అతడు మిజోరం వాడు కావచ్చు, తమిళుడు కావచ్చు, అమెరికా వాడు కావచ్చు. ఒకనికి కారం లేనిదే ముద్ద దిగదు, ఇంకొకనికి కారం తగిలితే కన్నీళ్ళు. ఒకడు గురక పెడతాడు, ఒకడు మాటాడడు. ఉమ్మడి కుటుంబంలో తోటికోడళ్ళు అలిగి పుట్టింటికైనా పోగలరు, వీరికి ఆ వీలు లేదు. దాదాపు ఆరు వారాలకొకసారి బదిలీల కబురు వస్తుంది. ఉండడమో, మూట కట్టడమో, జత మారడమో అప్పుడు తేలుతుంది. కలహించుకొన్న ఇద్దరు ఆ కబురు కోసం దినాలు లెక్కించుకొంటారు. స్నేహం కుదిరిన ఇద్దరికి అదే కబురు గుండెల్లో రాయి.

బుధ, గురు, శుక్రవారాలలో ముఖ్యమైన పని బోధ. మన దేశంలో విదేశీయులు మత ప్రచారానికి రావాలంటే దానికి వేరే వీసా ఉన్నది. అది సులభంగా లభించేది కాదు. కనుక ఇక్కడి జతలలో భారతీయ యువకులు ఎక్కువగా కనిపిస్తారు. సంఘ సభ్యుడు తన స్నేహితుని పరిచయం చేస్తాడు, ఆ స్నేహితుడు రమ్మంటే ఇద్దరూ వెళ్తారు. పాఠం ముప్పావు గంటకు మించదు. వారంలో పది ఇళ్ళు ఒప్పుకొంటే నాలుగు ఇళ్ళకు తాళం వేసి ఉండడం, రెండుచోట్ల అయ్యగారు నిద్రపోతున్నారని చెప్పడం ఈ పనిలో మామూలే. వచ్చినవారి సంఖ్య, విన్నవారి సంఖ్య వ్రాసి పైవారికి చూపాలి. మనిషి మనసును అంకెలలో లెక్కగట్టడం మాకు నచ్చని సంగతి. ఆ అంకెలు చిన్నవైన వారం కుర్రవాడు తనను తానే నిందించుకొంటాడు. దిగులుతో గడువుకు ముందే ఇంటికి తిరిగివచ్చేవారు ఉన్నారు. అట్టివారు సొంత సంఘంలోనే తలదించుకొని తిరగవలసి వచ్చిందన్న బాధ అమెరికాలో బహిరంగ చర్చకు వచ్చింది. రెండు సంవత్సరాలు ఓపలేకపోయిన పద్దెనిమిదేళ్ళవానిని ఓడినవానిగా చూడడం ఏ మతానికీ శోభ కాదు.

ఈ సందర్భంలోనే ఒక చిన్న సంగతి. వీరు టీ, కాఫీ తాగరు. మద్యం, పొగాకు ఎట్లాగూ లేవు. జోసెఫ్ స్మిత్ 1833లో చెప్పిన ఆరోగ్య నియమం ఇది. మన ఇళ్ళలో వచ్చినవారికి టీ ఇవ్వడం మర్యాద, వద్దనడం అమర్యాద. కులం చూసి మన ఇంట తాగలేదేమో అన్న అనుమానం కూడా కొందరికి కలుగుతుంది, ఆ అనుమానానికి వెనుక తరతరాల చేదు అనుభవం ఉన్నది. వీరి నిరాకరణలో ఆ అర్థం లేదు. మజ్జిగ ఇస్తే సంతోషంగా తాగుతారు.

పిల్లలను నగరానికి పంపిన కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. సంఘం సొంత నియమాల ప్రకారమే, మైనరు పిల్లలకు తలిదండ్రుల అనుమతి లేక బాప్తిస్మం ఇవ్వరాదు. పెళ్ళైనవారికి భార్య లేదా భర్త సమ్మతి కావాలి. ఒంటరిగా ఉన్న స్త్రీ ఇంటికి యువకుల జత మరొక పెద్ద మనిషి తోడు లేకుండా వెళ్ళరాదు. ఎవరైనా తొందరపెడితే, ఇంట్లో చెప్పవద్దంటే, అది వారి నియమానికే విరుద్ధమని ధైర్యంగా అనవచ్చు. చేరినవారు ఆదాయంలో పదవ వంతు సంఘానికి ఇవ్వాలన్న నియమం కూడా ముందే తెలిసి ఉండాలి.

చట్టం సంగతి ఇది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే హక్కును ఇచ్చింది. అయితే ప్రచారపు హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు చేరి లేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. బలవంతపు మార్పిడులను శిక్షించే పేరుతో కర్ణాటక 2022లో ఒక చట్టం చేసింది. 2023 జూన్‌లో అక్కడి మంత్రివర్గం దానిని రద్దు చేయాలని తీర్మానించింది. షెడ్యూల్డు కులాల కుటుంబాలకు ఇంకొక ముఖ్యమైన విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఆ హోదా వర్తిస్తుంది. క్రైస్తవంలో చేరినవారిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బి.సి.-సి వర్గంలో లెక్కిస్తారు. షెడ్యూల్డు తెగలకు ఈ నిబంధన లేదు. హాస్టలు సీటు, ఉపకార వేతనం, ఉద్యోగం ఈ ఒక్క ధ్రువపత్రం మీద ఆధారపడిన ఇంటిలో ఇది చిన్న మాట కాదు. బోధించడానికి వచ్చిన కుర్రవానికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు, వినేవారికి తెలిసి ఉండాలి.

శనివారం ఎవరికైనా బాప్తిస్మం ఉంటే ఆ వారం వారికి పండుగే. బోధించినవాడు గాక మరొకడు వచ్చి అభ్యర్థిని ప్రశ్నిస్తాడు, ఒత్తిడి లేదని నిర్ధారించుకోవడానికి ఈ ఏర్పాటు. తెల్లని దుస్తులలో నీటిలో పూర్తిగా ముంచి లేవనెత్తుతారు. ఎనిమిది సంవత్సరాలు నిండనివారికి ఇవ్వరు. బాప్తిస్మం లేని శనివారాలే ఎక్కువ. ఆనాడు రేపటి ఆరాధనకు రమ్మని ఫోన్లు చేయడంతో సరిపోతుంది.

ఆదివారం ఉదయం ప్రచారకుడు అందరికంటే ముందు చేరి కుర్చీలు వేసి, తలుపు వద్ద నిలుచుంటాడు. వస్తామన్నవారు వస్తారా రారా అన్న చూపు రోడ్డు మీదనే ఉంటుంది. జీతం తీసుకొనే పాస్టరు ఇక్కడ లేడు, సభ్యులే వంతులవారీగా ప్రసంగిస్తారు. ప్రభు సంస్కారంలో ద్రాక్షారసానికి బదులు మంచినీళ్ళు, రొట్టె. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు అన్నపానాలు మాని, ఆ భోజనానికయ్యే సొమ్మును పేదల కోసం ఇస్తారు. ఏకాదశి ఉపవాసాలు, రంజాన్ రోజాలు ఎరిగిన మనకు ఇది పరాయిగా తోచదు. హైదరాబాదు వంటి చోట తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మాటలు కలిసి నడుస్తాయి. తెలుగు, కన్నడం రెండూ ఇంటి భాషలుగా పెరిగిన సరిహద్దు కుర్రవాడు బెంగళూరు మండలంలో ఎంతగా అక్కరకు వస్తాడో వేరుగా చెప్పనక్కరలేదు.

ఖర్చు ఎవరిది అని అడగడం సహజం. సంపన్న దేశాల ప్రచారకులు నెలనెలా ఒక నిర్ణీత మొత్తం ఇంటి నుండి కట్టుకొంటారు. అంత శక్తి లేని దేశాల యువకులు ఇవ్వగలిగినంత ఇస్తే మిగిలినది సంఘం నిధి భరిస్తుంది. డబ్బు కంటే కాలం ఖరీదైనది. ఇరవై రెండేళ్ళకు చేతికి రావలసిన కొడుకు ఇరవై నాలుగుకు వస్తాడు. ఆ రెండేళ్ళలో తోటివారు ఉద్యోగాలలో కుదురుకొంటారు. తిరిగివచ్చిన యువకుల చదువుకు అప్పు ఇవ్వడానికి 2001లో సంఘం ఒక నిధిని నెలకొల్పింది. అప్పు అప్పే, తీర్చవలసినదే. మరొక పక్క, తెలియని ఊరిలో తెలియనివారితో మాట్లాడడం, ఇంగ్లీషు ధారాళంగా రావడం, వేళకు లేవడం వంటివి ఆ యువకునికి మిగులుతాయి. ఈ లాభనష్టాలను ఏ ఇంటివారు ఆ ఇంట లెక్క వేసుకోవలసిందే.

గడువు ముగిసినాక అతడు నేరుగా ఇంటికి వచ్చి, స్థానిక సంఘ పెద్దను కలుస్తాడు. ఆయన విడుదల చేసినట్లు చెప్పేవరకు పాత నియమాలన్నీ వర్తిస్తాయి. ఆ మాట విన్న తరువాతనే జేబు మీది నల్లని పలక తీస్తారు. అప్పటినుండి తల్లి పెట్టిన పేరుతో ఎవరైనా పిలవవచ్చు.